నేను తగ్గించుకున్న రెండేళ్లు

వాక్కునిచ్చిన తల్లికి, ఆ వాక్కును దిద్దిన గురువులకు, దిద్దుబాట్లను ఓర్చుకొన్న నా విద్యార్థులకు నమస్కరించి ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. స్వస్తిశ్రీ చాంద్రమానేన విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, ఆశ్వయుజ బహుళ తదియ.

నేను బడిపంతులమ్మను. నూజివీడుకూ హనుమాన్ జంక్షన్‌కూ నడుమ, మామిడితోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో పుట్టాను. బడి విడిచాక నాన్నగారి ముందు కూర్చుని శబ్దాలూ ధాతువులూ వల్లెవేశాను. ఓరియంటల్ కళాశాలలో సంస్కృతాంధ్రాలు చదివాను. చివరకు అన్నం పెట్టినది మాత్రం ముప్పైయవ ఏట ప్రైవేటుగా పట్టా పుచ్చుకొన్న ఆంగ్లం. భర్త కాలం చేసిన తరువాత, పిల్లలు లేనిదాన్ని కనుక వెనుదిరిగి చూడవలసినది ఏమీ లేక, ఒమాన్ దేశానికి పోయి, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పట్టణంలో మన దేశపు పిల్లలు చదువుకొనే పాఠశాలలో ఆంగ్లం చెప్పే పనికి కుదిరాను. పదమూడేళ్లయింది. అక్కడ నాకు రెండు గదుల వాటా, కిటికీ పక్కన ఒక బల్ల, గోడ పొడవునా పుస్తకాలు, ఉదయం ఆరున్నరకు వీధి మొగలో ఆగే పాఠశాల బస్సు ఉన్నాయి. నేను కూడబెట్టుకొన్న సంసారం అదే.

ఏటా వేసవి సెలవులకు అన్నయ్య ఇంటికి వస్తాను. అన్నయ్య నాకంటె మూడేళ్లు పెద్ద. ఊరి రామాలయంలో అర్చకత్వం, చుట్టుపక్కల ఊళ్లలో పౌరోహిత్యం చేస్తాడు. ఈ యేడు జ్యేష్ఠ శుద్ధ తదియ నాడు వచ్చాను. పంచమి నాడు, వదిన పెరటి వసారాలో మాగాయకు కాయ తరుగుతుండగా, ఆమెకు ఎదురుగా పీట మీద కూర్చుని ఫోన్ తెరిచాను. పాఠశాలవారి ఉత్తరం వచ్చి ఉన్నది. మర్యాదగానే వ్రాశారు. వచ్చే జూలై మొదటి తేదీకి నాకు అరవై సంవత్సరాలు నిండుతున్నందున, తమ నియమం ప్రకారం ఒప్పందాన్ని పొడిగించలేమనీ, నా సేవలకు కృతజ్ఞులమనీ, వీసా రద్దుకు ఆగస్టు నెలాఖరు వరకు గడువు ఇస్తున్నామనీ దాని సారాంశం.

"ఏంటమ్మాయ్, మొహం అలా అయిపోయింది? ఎవరన్నా పోయారా?" అన్నది వదిన.

"ఎవరూ పోలేదు వదినా. నా ఉద్యోగం పోయింది."

"అదేంటి, బడి ఎత్తేశారా?"

"బడికేం, బ్రహ్మాండంగా ఉంది. నాకే అరవై నిండుతున్నాయిట."

"నీకు అరవై ఏంటి! యాభై ఎనిమిదేగా? అత్తయ్యగారు చెబుతూనే ఉండేవారుగా."

"కాగితంలో అరవై."

"కాగితం వచ్చి నీకు పురుడు పోసిందా ఏంటి?" అని వదిన కత్తిపీట పక్కకు జరిపింది. నవ్వించాలని అన్న మాటే గాని, ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఈ రెండేళ్ల సంగతి చెప్పాలి. అన్నయ్యనూ నన్నూ నాన్నగారు ఒకే రోజున బడిలో చేర్పించారు. పిల్లలు తొందరగా మెట్రిక్కుకు కూర్చోవాలని, ఆ రోజుల్లో చాలామంది తండ్రులు చేసినట్టే, హెడ్మాస్టరుకు చెప్పి వయస్సు రెండేళ్లు కలిపి వేయించారనీ, పుట్టినరోజు కూడా బడివాళ్లే తమకు తోచినట్టు జూలై ఒకటి అని వేసుకొన్నారనీ అమ్మ చెప్పేది. పోయేదాకా చెప్పింది. మా ఇంట్లో పుట్టినరోజులు తిథిని బట్టి జరిగేవి. నాది జ్యేష్ఠ బహుళ సప్తమి. తిథి ఏటా వస్తుంది, దానికి సంవత్సరంతో పనిలేదు. పన్నెండవ ఏట ఒకనాడు, బడి కాగితంలోని వయస్సు నుండి రెండు తీసివేసి, వెనక్కు లెక్కపెట్టుకొని, నేను ప్లవంగ నామ సంవత్సరంలో పుట్టానని నిర్ధారణ చేసుకొన్నాను. పంచాంగం చూడడం వచ్చినందుకు నాకు అప్పుడు కొంచెం గర్వం. ఆనాటి నుండి నేను ప్లవంగదాన్నే. ఎవరైనా అడిగితే కాగితపు వయస్సు చెప్పి, వెంటనే అసలుది చెప్పడం అలవాటయింది.

అన్నయ్య ఇంటి వెనుకవైపు ఒక గది ఉంది. వేసవిలో నేను ఉండేది అందులోనే. తూర్పు కిటికీ, గచ్చు నేల, మంచి గాలి. "ఇంక ఇక్కడే ఉండిపోమ్మా, మాకూ తోడు" అని ఆ సాయంకాలం అన్నయ్య అన్నాడు. అందులో కల్మషం లేదు. ఆ గదికి వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ గదిలో ఉండే మనిషికి పొద్దున లేచి పోవలసిన చోటు మాత్రం లేదు. ఆగస్టు నెలాఖరులోగా ఆ దేశంలోనే ఎవరో ఒకరు నన్ను పనిలోకి తీసుకొని, వీసా తమ పేరు మీదకు మార్చుకొంటే నా బల్ల, నా తరగతి నాకు ఉంటాయి. లేకపోతే తూర్పు కిటికీయే.

మరునాటి నుండి దరఖాస్తులు మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చుని ఫోన్ మాట్లాడే వీలు లేదు. గురుమౌఢ్యం వస్తున్నదని, ఆ లోపలే పెళ్లిళ్లు చేసేయాలని, ముహూర్తాల కోసం వచ్చేవారితో వీధి అరుగు కిటకిటలాడుతున్నది. పెరటి తలుపు తీసి సందు దాటితే ఒక మామిడికాయల షెడ్డు ఉంది. తోటల నుండి ట్రాక్టర్ల మీద వచ్చిన కాయను అక్కడ ఆడవాళ్లు ఏరి, పెద్దవీ చిన్నవీ వేరుచేసి, ట్రేలలో సర్దితే, లారీలు జంక్షన్ మీదుగా ఉత్తరాదికి తీసుకుపోతాయి. ఆ షెడ్డు చివర, ఖాళీ ట్రేల వరుస పక్కన, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని ఆ వారమంతా కూర్చున్నాను. సొన వాసనకు తల దిమ్ముగా ఉండేది.

మొదటి పాఠశాలలో మాట్లాడినామె గొంతు చల్లగా ఉంది. నా అనుభవం విన్నది, సంతోషించింది, వయస్సు అడిగింది. "పత్రాల్లో అరవై నిండబోతోంది, కానీ నిజానికి యాభై ఎనిమిది" అని అలవాటు ప్రకారం చెప్పాను. పత్రాల్లో తేడాలున్నవారిని తాము తీసుకోలేమని చెప్పి పెట్టేసింది. రెండవచోట అదే మాట చెప్పాను. వారు తరువాత ఫోన్ ఎత్తలేదు.

కాయ ఏరే ఆడవాళ్లకు పెద్దదిక్కులాంటి ఒకామె ఉండేది. దాదాపు నా ఈడుదే. చేయి ఆగదు, నోరూ ఆగదు.

"ఏంటి టీచరుగారండీ, పొద్దుట్నించీ ఆ ఫోన్లో ఇంగ్లీషులో తగువాడుతున్నారు?"

"తగువు కాదమ్మా. ఉద్యోగం అడుగుతున్నాను."

"ఈ వయసులోనాండీ?" అన్నది అవతలి వరుసలో ఒక పిల్లకోడలు.

"నోరుముయ్యవే. ఆవిడ వయసు నీకేం తెలుసు?" అని పెద్దామె కసిరి, వెంటనే తానే అడిగింది. "ఎన్నండీ మీకు?"

"కాగితంలో అరవై. అసలు యాభై ఎనిమిది."

"ఓసోస్, రెండేళ్లేనాండీ తేడా! నాకు ఆధార్లో డెబ్బై రెండండి. పింఛను తొందరగా వస్తుందని మా ఆయన రాయించాడు. మా పేటలో సగంమందిమి జనవరి ఒకటో తారీఖునే పుట్టామండి, ఆధార్లో చూడండి కావాలంటే. ఆ ఒక్కరోజూ మంత్రసాని ఎన్నిళ్లు తిరిగిందో పాపం!"

షెడ్డంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను. ఆ వారంలో నవ్వినది అప్పుడే.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి నాడు విజయవాడ పోయాను. అదే దేశంలో, సముద్రానికి దూరంగా ఎడారి వైపు ఉన్న ఒక ఊళ్లో కొత్తగా పెట్టిన పాఠశాలకు ఉపాధ్యాయులను ఎంచుకోవడానికి ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి, ఒక హోటల్లో ఇంటర్వ్యూలు చేస్తున్నారని ప్రకటన చూశాను. జంక్షన్‌లో బస్సెక్కి, ఎండ ముదరకముందే చేరాను. హాలు బయట వరుసగా కుర్చీలు, కుర్చీల నిండా ఫైళ్లు పట్టుకొన్న పడుచువాళ్లు. నన్ను చూసి ఒక అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది.

"గుడ్మార్నింగ్ మేడమ్. లోపలికి వెళ్లండి. మమ్మల్ని మీరేనా ఇంటర్వ్యూ చేసేది?"

"కాదమ్మా, నేనూ లైన్లోనే. నా నంబరు ముప్పై ఒకటి."

పాపం, ఆ అమ్మాయికి మళ్లీ కూర్చోవాలో, నిలబడాలో తెలియలేదు. పక్కకు జరిగి సగం కుర్చీ నాకు ఇవ్వబోయింది. గోడకు ఆనుకొని నిలుచున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక నా నంబరు పిలిచారు.

ప్రిన్సిపాల్ తమిళుడు, నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. ఒక విద్యార్థి వ్రాసిన వ్యాసాన్ని నా ముందుంచి దిద్దమన్నారు. దిద్దాను. తప్పులన్నీ దిద్దలేదు, ఒక్క తప్పునే ఎంచి, అది ఆ పిల్లవాడు ఎందుకు చేస్తున్నాడో మార్జినులో రెండు వాక్యాలు వ్రాశాను. ఆయన చాలాసేపు చూశారు. "మిగిలినవి వదిలేశారేం?" అన్నారు. "ఒకేసారి అన్నీ చూపిస్తే పిల్లవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకొంటాడండి, చదవడు" అన్నాను. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. అటుపైన వయస్సు మాట వచ్చింది. నేను మళ్లీ ఆ రెండు వయస్సులూ చెప్పాను.

ఆయన కలం కింద పెట్టారు. "చూడండమ్మా, పాఠం చెప్పడంలో మీకు వంక పెట్టలేను. మా బోర్డు అరవై దాటినవారిని తీసుకోదు. యాభై ఎనిమిది అయితే రెండేళ్ల ఒప్పందం ఇస్తుంది. మీరు పుట్టినప్పుడే ఎవరైనా వ్రాసిపెట్టిన కాగితం ఏమైనా ఉందా? మాకు ఒక టీచరు చర్చి రిజిస్టరులో తన పుట్టుక నమోదు తెచ్చి, అఫిడవిట్ జతచేసి ఇచ్చింది. బోర్డు ఒప్పుకొంది."

"మా నాన్నగారు జాతకం వ్రాసి ఉంచారండీ. ఆయన చేతివ్రాతే."

"అయితే మంచిది. నాలుగు రోజుల్లో దాని నకలూ, అనువాదమూ పంపండి. పోస్టు మీకోసం ఆపుతాను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పదమూడేళ్లుగా చూస్తున్న పట్టణం కాకపోయినా, బల్ల మరొకచోటికి మారుతుంది, అంతే కదా అనుకొన్నాను. కాళ్లు వాచిపోయాయి. జంక్షన్‌లో దిగి ఆటో కోసం నిలుచున్నప్పుడు కూడా నొప్పి తెలియలేదు.

నాన్నగారి జాతకాల పుస్తకం అన్నయ్య దగ్గర ఉంటుంది. ఎర్రగుడ్డ చుట్టిన పొడుగాటి పుస్తకం. ఊళ్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా నాన్నగారు అందులో వ్రాసేవారు. మా ఇద్దరివీ అందులోనే ఉన్నాయి. నా పెళ్లికి జాతకం నకలు వ్రాసి పంపినదీ, పొంతనాలు చూసినదీ ఆయనే. నేను ఆ పుస్తకం తెరచి చూడవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

"అన్నయ్యా, పుస్తకం తీయవా?"

"తీస్తానమ్మా, రేపు ఉంగుటూరులో పెళ్లి, ఎల్లుండి రెండు. మూఢం వచ్చాక ఇంక నన్ను పిలిచేవాడు ఎవడూ ఉండడు, అప్పుడు నీ ఇష్టం వచ్చినన్ని పుస్తకాలు తీస్తాను."

"నాకు నాలుగు రోజులే గడువు."

"పౌర్ణమికి తీస్తాను. నాలుగో రోజేగా?"

పౌర్ణమి నాడు పూజ ముగించి వచ్చి, చేతులు తుడుచుకొని, అన్నయ్య మధ్యగదిలో చాప మీద కూర్చుని మూట విప్పాడు. వదిన గుమ్మానికి ఆనుకొని నిలుచున్నది. నేను అనువాదం వ్రాసుకోవడానికి కాగితం, కలం పట్టుకొని కూర్చున్నాను. అన్నయ్య పుటలు తిప్పి, ఒకచోట ఆగి, అలవాటైన గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. "స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ సప్తమీ..." అక్కడ ఆగిపోయాడు.

"అది కాదన్నయ్యా, ప్లవంగలో చూడు."

అతడు ముందుకు తిప్పాడు. ప్లవంగ పుటల్లో కరణంగారి మనుమడు, కోమటి వీధిలో కవలపిల్లలు, ఇంకా ఎవరెవరో ఉన్నారు. నేను లేను. మళ్లీ వెనక్కు తిప్పి పుస్తకం నావైపు జరిపాడు. నాన్నగారి గుండ్రటి అక్షరాలు. మా ఇంటిపేరు, ఆయన పేరు, "ద్వితీయ సంతానము, స్త్రీ శిశువు". సందేహానికి చోటు లేదు. మూడేళ్లు వెనుక, శుభకృత్తు పుటలో, అన్నయ్య జాతకం పక్కన మార్జినులో చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "బడిలో రెండు సంవత్సరములు హెచ్చించి వ్రాయించడమైనది." నా పుటలో ఆ వాక్యం లేదు. కలిపినది అన్నయ్యకు మాత్రమే. అమ్మ జ్ఞాపకంలో అది ఇద్దరికీ కలిపినట్టయింది. దానిపైన నేను లెక్క కట్టాను.

తెలుగు సంవత్సరాలు అరవై. ఒక పేరు వచ్చి వెళ్లితే మళ్లీ రావడానికి అరవై ఏళ్లు పడుతుంది. ఎదుటి గోడ మీది క్యాలెండరులో ఈ ఏటి పేరు పెద్ద అక్షరాలతో ఉన్నది: విశ్వావసు. ఉగాది నాడు ఆ పేరు విని, నాది రావడానికి ఇంకా రెండేళ్లు ఉన్నదని అనుకొన్నదాన్ని నేనే. ఇంకొక వారంలో నా తిథి. బడి కాగితమే నిజం చెప్పింది. నలభై ఎనిమిదేళ్ల పాటు ఎవరు అడిగినా అబద్ధం చెప్పినది నేను.

మొదట నోరు తెరచినది వదిన. "అయితే నువ్వు నాకంటే పెద్దదానివన్నమాట! నాకు యాభై తొమ్మిదేగా. ఇన్నేళ్లూ అమ్మాయ్, అమ్మాయ్ అని అరిచాను. కాళ్లకు దండం పెట్టాల్సింది!"

"ఇప్పుడు పెట్టు, పోయిందేముంది" అన్నాను.

అన్నయ్య పుస్తకం మూయలేదు. కొంతసేపు పుట అంచును వేలితో నిమురుతూ కూర్చుని, వదిన మజ్జిగ తేవడానికి లోపలికి పోయాక, మెల్లగా అన్నాడు.

"ఒక్క కాగితం చాలు. ప్లవంగ అని పెట్టి, గ్రహాలు గుణించి, చక్రం వేసి ఇస్తాను. నాన్నగారి దస్తూరీ నాకు వచ్చు. వాళ్లకు తిథి తెలుసా, వారం తెలుసా?"

"నువ్వేనా అన్నయ్యా ఈ మాట అనేది?"

"నేనే. అరవై మూడేళ్లలో ఒక్కరికీ తప్పుడు జాతకం రాసివ్వలేదు. నీకు రాసిస్తాను. నెల రోజులు ఇక్కడుంటేనే గోడలకేసి చూస్తూ కూర్చుంటావు. నీ మొహం నేను చూడట్లేదనుకుంటున్నావా?"

నాకు ఆశ కలగలేదని చెప్పను. మధ్యాహ్నమంతా ఆ కాగితం గురించే ఆలోచించాను. వీధి అరుగు ఖాళీగా ఉంది, పెళ్లివారు అయిపోయారు. ఆ ప్రిన్సిపాల్ నమ్ముతారు. బోర్డు నమ్ముతుంది. రెండేళ్లు గడుస్తాయి. ఆ రెండేళ్లూ వైద్యపరీక్షలోనో, బస్సులోనో, స్టాఫ్ రూములో టీ దగ్గరో ఎవరు అడిగినా ప్లవంగ అని గుర్తుపెట్టుకోవాలి. ఇంతకుముందు చెప్పినది తెలియక చెప్పిన అబద్ధం. దానికి బరువు లేదు. ఇకమీదట చెప్పేది తెలిసి చెప్పాలి. పైగా ఆ కాగితం కింద అన్నయ్య చేయి ఉంటుంది. ధర్మం గుర్తుకువచ్చి మానుకొన్నానంటే గొప్పగా ఉంటుంది గాని, ఆనాడు నాకు అంత ఎత్తైన ఆలోచన రాలేదు. మోయడానికి ఓపిక లేదు, అంతే.

సాయంకాలం ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, పుస్తకం చూశాననీ, బడి పత్రమే సరియైనదనీ, నాకు వారంలో అరవై నిండుతాయనీ చెప్పాను.

"మీరు ఈ ఫోన్ చేయకుండా ఉండవచ్చు. ఎందుకు చేశారు?" అన్నారు ఆయన.

"మీరు పోస్టు ఆపారు కదండీ. ఆ లైన్లో ముప్పైమంది ఉన్నారు."

బోర్డు నియమం తన చేతిలో లేదని, మన్నించమని అన్నారు. మన్నించవలసినది ఏముంది?

జ్యేష్ఠ బహుళ సప్తమి నాడు వదిన పరమాన్నం వండింది. అన్నయ్య నా పేర అర్చన చేసి, గోత్రనామాలు చదివి, అక్షతలు వేశాడు. ఆ ఇద్దరూ వయస్సు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మధ్యాహ్నం పడుకొంటే సాయంకాలం దాకా మెలకువ రాలేదు.

తరువాత వ్రాసిన దరఖాస్తుల్లో మొదటి వరుసలోనే అరవై అని వ్రాశాను. ఏ వివరణా వ్రాయలేదు. చాలామంది బదులు ఇవ్వలేదు. ఒకరు మాత్రం తమ గ్రంథాలయంలో వేతనం లేకుండా సహాయపడతారా అని అడిగారు, వీసా ఇవ్వరట. ఒక రాత్రిబడివారు పిలిచారు గాని, ఆ సంస్థ మూతపడబోతున్నదని రెండో మాటలోనే తేలింది. ఆషాఢం వచ్చింది. రసాలు అయిపోయి, షెడ్డులో కలెక్టర్ కాయ మాత్రమే మిగిలింది. జ్యూసు ఫ్యాక్టరీకి పోయే సరుకు కనుక దానిని సుతారంగా సర్దేవారు కారు, ట్రాక్టరు తొట్టి ఎత్తి కుమ్మరించేవారు. అలవాటుగా పొద్దుటే పోయి ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. ఫోన్ మోగని రోజుల్లో కూడా పోయేదాన్ని.

నేనుండే పట్టణంలోనే, ఆసుపత్రులలో పనిచేసే నర్సులకు పరీక్షల కోసం ఆంగ్లం నేర్పే ఒక చిన్న సంస్థ ఉందని ఆ రోజుల్లోనే ఒక ప్రకటన వల్ల తెలిసింది. వారి వీధిలో నుండే పదమూడేళ్లు బస్సులో పోయాను; బోర్డు చూసిన గుర్తు లేదు. పెద్దవారికి ఎన్నడూ పాఠం చెప్పలేదని సంకోచిస్తూనే వ్రాశాను. ఆషాఢ శుద్ధ నవమి నాడు వీడియోలో మాట్లాడతామన్నారు.

నడిపే ఆమె మలయాళీ, ఇరవై ఏళ్లు నర్సుగా చేసి మానుకొన్న మనిషి. ఫోన్ తెరపై ఆమె ముఖం కనబడగానే వెనుక ట్రాక్టరు కాయ కుమ్మరించింది. పెద్దామె, "ఉష్, ఆపండహె! టీచరుగారికి పరీక్ష జరుగుతోంది" అని అందరినీ నిలిపివేసింది. షెడ్డు మొత్తం చేతులు కట్టుకొని నన్నే చూస్తున్నది.

"అది ఏం శబ్దం?" అన్నది మలయాళీ ఆమె ఆంగ్లంలో.

"మామిడికాయలండీ. క్షమించాలి. వీడియోకు సరిపడే సిగ్నల్ ఇక్కడే ఉంటుంది."

ఆమె నవ్వలేదు. నా దరఖాస్తు చూస్తూ, "మీకు అరవై" అన్నది.

"అరవై నిండాయి."

నేను మరొక మాట కలపలేదు. ఆమె తల ఊపి ముందుకు పోయింది. "మా దగ్గరకు వచ్చేవాళ్లు పన్నెండు గంటల డ్యూటీ దిగి, అటునుంచి అటే క్లాసుకు వస్తారు. సగంమంది నిద్రపోతారు. మీరేం చేస్తారు?"

ఎన్నో సమాధానాలు చెప్పవచ్చు. ఆటలు, బృందచర్చలు, శిక్షణల్లో నేర్పినవి చాలా ఉన్నాయి. అవేవీ ఆ క్షణాన నోటికి రాలేదు. ఆ నెల రోజుల అలసట అంతా ఒక్కసారి ముందుకు వచ్చింది.

"మొదటి పది నిమిషాలు నిద్రపోనిస్తానండీ. తరువాత లేపుతాను" అన్నాను.

"పది నిమిషాలు చాలవు" అన్నది ఆమె. "పదిహేను." అప్పుడు నవ్వింది. ఒప్పందం ఏడాదికి ఒకటి చొప్పున మాత్రమే ఇస్తామనీ, ప్రతి ఏటా వైద్యపరీక్ష ఉంటుందనీ, సెలవులు తక్కువనీ వరుసగా చెప్పింది. ప్రతి మాటకూ సరే అన్నాను. వీసా మార్పుకు కావలసిన కాగితాల పట్టీ సాయంకాలానికి పంపుతానని చెప్పి పెట్టేసింది.

"పాసయ్యారాండీ?" అని పెద్దామె అడిగింది.

"అయ్యానమ్మా."

"మరి మొహం అలా ఉందేంటండీ, ఫెయిలైనట్టు?" అని, జవాబు కోసం ఆగకుండా, "కానివ్వండే, కాయ ఎండలో మగ్గిపోతోంది" అని అందరినీ కేకవేసింది. నేను కుర్చీ గోడకు చేర్చి ఇంటికి వచ్చాను. అన్నయ్య వార్త విని, సరే అన్నట్టు తల ఊపి, ప్రయాణానికి రోజు చూడడానికి పంచాంగం తీశాడు. వదిన ఊరగాయల సీసాలకు మూతలు వెదకసాగింది.

శ్రావణ శుద్ధ ఏకాదశి నాడు ఆ పట్టణానికి తిరిగి చేరాను. శ్రావణ బహుళ పాడ్యమి నుండి నర్సులకు ఉదయం ఒక తరగతి, సాయంకాలం ఒక తరగతి చెబుతున్నాను. ఒప్పందం ఒక సంవత్సరానికి.